‘కొత్త ఆటగాడు’ ఎవరు? ఐపీఎల్ వర్ధమాన క్రీడాకారుని పురస్కారం: నిర్వచన చరిత్ర, ఆంధ్ర సందర్భం

వ్యాససంగ్రహం:
ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐపీఎల్) 2008 నుండి ఏటా ఒక కొత్త ఆటగాడికి పురస్కారం ఇస్తున్నది. ‘కొత్త’ అనే మాటకు ఈ పురస్కారం చెప్పిన అర్థం తొలి సంవత్సరాల్లో వయస్సు మీద, తరువాత వయస్సుతోపాటు ఆడిన మ్యాచ్‌ల సంఖ్య మీద ఆధారపడింది. ఈ మార్పును అమెరికా బేస్‌బాల్ ‘రూకీ’ పురస్కారంతో పోల్చి, 2024లో దానిని అందుకున్న తొలి ఆంధ్ర ఆటగాడు నితీశ్ కుమార్ రెడ్డి ప్రస్థానాన్ని పరిశీలించి, ఏలూరు - తాడేపల్లిగూడెం - కొల్లేటి ప్రాంతం వంటి చోట్ల ఈ నిర్వచనం ఎవరిని లెక్కలోకి తీసుకుంటుందో, ఎవరిని వదిలివేస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వర్ధమాన క్రీడాకారుడు, రూకీ, వయోపరిమితి, ఐపీఎల్, ఆంధ్ర క్రికెట్, కొల్లేరు.

1. ప్రవేశిక

2025 ఐపీఎల్‌లో గుజరాత్ టైటాన్స్ తరఫున సాయి సుదర్శన్ 759 పరుగులు చేశాడు. ఆ ఏటి అత్యధిక పరుగుల వీరునికిచ్చే ఆరెంజ్ క్యాప్ అతనికే దక్కింది. అదే సీజన్‌లో ‘ఎమర్జింగ్ ప్లేయర్’, అంటే వర్ధమాన క్రీడాకారుని పురస్కారం కూడా అతనికే వచ్చింది. అది అతనికి నాలుగవ ఐపీఎల్ సీజన్. 2023 ఫైనల్‌లో 96 పరుగులు చేసి అప్పటికే దేశమంతా తెలిసిన ఆటగాడు. అలాంటివాడు 2025లో ‘వర్ధమానుడు’ ఎలా అయ్యాడు?

సమాధానం నిబంధనలో ఉంది. సీజన్ ఆరంభమయ్యేనాటికి ఆటగాడు ఆడిన ఐపీఎల్ మ్యాచ్‌లు 25కు మించరాదు. సుదర్శన్ 2022లో 5, 2023లో 8, 2024లో 12 మ్యాచ్‌లు ఆడాడు. మొత్తం సరిగ్గా 25. ఒక్క మ్యాచ్ ఎక్కువైతే అర్హత పోయేది. పురస్కారాల చరిత్రను సాధారణంగా గ్రహీతల జాబితాగా రాస్తుంటారు. ఈ పురస్కారం విషయంలో గ్రహీతల కంటే అర్హతా నిబంధన ఎక్కువ చెబుతుంది.

2. బేస్‌బాల్ ఆనవాయితీ

కొత్త ఆటగాడిని విడిగా గౌరవించే పద్ధతికి ఆధునిక క్రీడల్లో ప్రసిద్ధమైన మూలం అమెరికా బేస్‌బాల్. అక్కడ కొత్తవాడిని ‘రూకీ’ అంటారు. 1940లో చికాగో నగరపు బేస్‌బాల్ పాత్రికేయులు ఆరంభించిన ఈ గౌరవం 1947లో జాతీయ పురస్కారమైంది. ఆ ఏడాది దానిని అందుకున్నవాడు జాకీ రాబిన్‌సన్. అప్పటికి అతని వయస్సు 28 సంవత్సరాలు.

ఆ వయస్సు దగ్గర కాస్త ఆగాలి. 28 ఏళ్ల వరకు రాబిన్‌సన్ మేజర్ లీగ్‌లో ఆడకపోవడానికి కారణం ఆటరాకపోవడం కాదు. నల్లజాతి ఆటగాళ్లకు ఆ లీగ్ తలుపులు మూసి ఉండటం. 1946లో అతను మైనర్ లీగ్ స్థాయిలోని ఇంటర్నేషనల్ లీగ్‌లో మాంట్రియల్ రాయల్స్ తరఫున ఆడి, 0.349 సగటుతో ఆ లీగ్‌లోని బ్యాటర్లందరిలో ముందు నిలిచాడు. మరుసటి ఏడు బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో అడుగుపెట్టినప్పుడు పాత్రికేయులు అతని వయస్సు అడగలేదు, ఈ మైదానం మీద ఇతను కొత్తవాడా కాదా అన్నది మాత్రమే చూశారు. 1987 నుండి ఆ పురస్కారం అతని పేరుతోనే ఉంది.

రూకీ అంటే ఎవరో రాతపూర్వకంగా నిర్ణయించడానికి మరో పదేళ్లు పట్టింది. 1957లో తొలి నిబంధన వచ్చింది. తరువాత సవరణలు జరిగి, 1971 నుండి అంతకుముందు సీజన్లలో 130 బ్యాటింగ్ వంతులు, బౌలరైతే (అక్కడి మాటలో పిచర్) 50 ఇన్నింగ్స్ దాటనివాడు రూకీ అన్న లెక్క స్థిరపడింది. అందులో వయస్సు ప్రస్తావన లేదు. కనుకనే జపాన్‌లో తొమ్మిది సీజన్లు ఆడి వచ్చిన ఇచిరో సుజుకి 2001లో 27 ఏళ్ల వయస్సులోనూ, అతని కంటే ఏడాది ముందు కజుహిరో ససాకి 32 ఏళ్ల వయస్సులోనూ రూకీలుగా గౌరవం పొందారు. అంత అనుభవం ఉన్నవారికి ‘కొత్త’ బిరుదు ఏమిటన్న ఆక్షేపణ అప్పుడు వినబడింది. అది న్యాయమైన ఆక్షేపణే. అయినా మ్యాచ్‌ల లెక్కకు ఒక నిలకడ ఉంది. ఆటగాడు ఎప్పుడు పుట్టాడన్నది కాక, ఎంత అవకాశం పొందాడన్నదే అది కొలుస్తుంది.

3. ఐపీఎల్ పురస్కారం: పేర్లు మారిన తీరు

ఐపీఎల్ ఇందుకు భిన్నమైన చోటునుండి బయలుదేరింది. 2008లో ఈ పురస్కారం పేరు ‘ఉత్తమ అండర్-19 ఆటగాడు’. బెంగళూరు జట్టు వికెట్ కీపర్ శ్రీవత్స్ గోస్వామి దానిని అందుకున్నాడు. 2009లో అది ‘అండర్-23’ పురస్కారమైంది. 2012లో ‘రైజింగ్ స్టార్’, 2013లో ‘ఉత్తమ యువ ఆటగాడు’ అన్నారు. 2014 నుండి ‘ఎమర్జింగ్ ప్లేయర్’ అన్న పేరు నిలిచింది. తొలి పేర్లలో అంకెలు ఉన్నాయి, తరువాతి పేర్లలో విశేషణాలు ఉన్నాయి. పేరులోనుండి వయస్సు తొలగిందే కాని నిబంధనలోనుండి తొలగలేదు.

వయస్సు ఒక్కటే కొలమానమైతే ఏమవుతుందో 2009 చెబుతుంది. ఆ ఏటి గ్రహీత హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్‌కు ఆడిన రోహిత్ శర్మ. అతను 2007లోనే భారత జట్టులో ప్రవేశించి, ఆ ఏడాది టి20 ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 2009లో 362 పరుగులు, హ్యాట్రిక్‌తో సహా 11 వికెట్లు సాధించి ఛార్జర్స్ విజయంలో ప్రధానపాత్ర వహించాడు. పురస్కారానికి యోగ్యుడే. కాని ప్రపంచ కప్ గెలిచిన రెండేళ్లకు ఒక ఆటగాడిని ‘కొత్త’ అనగలిగింది వయస్సు లెక్క వల్లనే.

తరువాత రూపొందిన నిబంధనలో నాలుగు షరతులు కనిపిస్తాయి: నిర్ణీత తేదీ తరువాత జన్మించి ఉండాలి, ఆడిన టెస్టులు 5 లేదా వన్డేలు 20 మించరాదు, సీజన్ ఆరంభానికి ఐపీఎల్ మ్యాచ్‌లు 25 మించరాదు, ఇదివరలో ఈ పురస్కారం పొంది ఉండరాదు. టి20 పోటీకి సంబంధించిన ఈ నిబంధన టెస్టులను, వన్డేలను లెక్కించి అంతర్జాతీయ టి20లను ప్రస్తావించకపోవడం విచిత్రమే.

బేస్‌బాల్‌లో 130 వంతులంటే నిలకడగా ఆడే బ్యాటర్‌కు సుమారు పావు సీజన్. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14 మ్యాచ్‌లు కనుక 25 మ్యాచ్‌లంటే దాదాపు రెండు సీజన్లు. ఈ వెసులుబాటు ఫలితం జాబితాలో స్పష్టంగా ఉంది. 2018లో 684 పరుగులతో గెలిచిన రిషభ్ పంత్ అప్పటికి 24 మ్యాచ్‌లు ఆడాడు. 2023లో 625 పరుగులు చేసిన యశస్వి జైస్వాల్ 23 ఆడాడు. సుదర్శన్ సంగతి చెప్పుకున్నాం. ముగ్గురూ గీత అంచున నిలిచినవారే. వీరి పక్కన 2015లో శ్రేయస్ అయ్యర్, 2020లో 473 పరుగులు చేసిన దేవదత్ పడిక్కల్ వంటివారు తొలి సీజన్‌లోనే గెలిచినవారు. ఒకే పేరుతో రెండు వేర్వేరు ఘనతలను ఈ పురస్కారం గుర్తిస్తున్నది. ఒకటి రాగానే రాణించడం, రెండవది రెండు మూడేళ్లలో పరిణతి పొందడం. రెండవది తక్కువదని కాదు, దానిని ‘కొత్త’ అనడమే సందేహం.

2025 వరకు 18 మంది గ్రహీతల్లో విదేశీయుడు ఒక్కడే, 2016లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడిన బంగ్లాదేశ్ బౌలర్ ముస్తాఫిజుర్ రహమాన్. అంతకు ముందు ఏడాదే భారత్‌పై తన తొలి రెండు వన్డేల్లో 11 వికెట్లు తీసినవాడు. హైదరాబాద్ జట్ల తరఫున మొత్తం నలుగురు ఈ గౌరవం పొందారు: రోహిత్, ముస్తాఫిజుర్, జమ్మూ నుండి వచ్చి 2022లో 22 వికెట్లు తీసిన ఉమ్రాన్ మాలిక్, 2024లో నితీశ్ కుమార్ రెడ్డి. పదహారు సంవత్సరాలు గడిచాక గాని ఆ జాబితాలో తెలుగు నేల ఆటగాడి పేరు చేరలేదు.

4. అండర్-16 నుండి ఐపీఎల్ వరకు

2003 మే 26న విశాఖపట్నంలో జన్మించిన నితీశ్‌కు వర్ధమాన పురస్కారం మొదటి గుర్తింపు కాదు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో, అంటే భారత క్రికెట్ నియంత్రణ మండలి (బీసీసీఐ) నిర్వహించే అండర్-16 పోటీలో, అతను ఆంధ్ర తరఫున 1,237 పరుగులు చేశాడు. నాగాలాండ్‌పై చేసిన 441 అందులో భాగం. ఆ ఏడు అండర్-16 విభాగంలో ఉత్తమ ఆటగాడికిచ్చే జగ్మోహన్ దాల్మియా పురస్కారం అతనికి లభించింది. నాగాలాండ్ రంజీ ట్రోఫీలో తొలిసారి ఆడింది ఆ తరువాతి సీజన్‌లో. కనుక ఆ 441ని చదివేటప్పుడు ఎదుటి జట్టు కొత్తదనాన్ని కూడా గుర్తుంచుకోవడం మంచిది. మిగిలిన పరుగులు మాత్రం ఆ మినహాయింపు అక్కరలేకుండానే నిలుస్తాయి.

అతను 2019-20లో 16 ఏళ్ల వయస్సులో రంజీలోనూ, 2023లో ఐపీఎల్‌లోనూ ప్రవేశించాడు. తొలి ఏడు రెండే మ్యాచ్‌లు, బ్యాటింగ్ అవకాశం లేదు. 2024లో 13 మ్యాచ్‌ల్లో 303 పరుగులు, 3 వికెట్లు. సన్‌రైజర్స్ ఓడిన చెన్నై ఫైనల్ నాడు, అనగా సరిగ్గా తన 21వ పుట్టినరోజున, వర్ధమాన క్రీడాకారుడిగా ఎంపికయ్యాడు. ఆ డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేశాడు. వయస్సు చూసినా, మ్యాచ్‌లు చూసినా అతను కొత్తవాడే. నిర్వచనంలోని రెండు కొలతలూ ఏకీభవించిన అరుదైన సందర్భాల్లో ఇది ఒకటి.

అయితే ఈ ప్రస్థానం సాఫీగా సాగడానికి కారణం అతను 14 ఏళ్లకే రాష్ట్ర జట్టులో ఉండటం. వయోవిభాగాల పోటీలు మెట్ల వంటివి: అండర్-16కు విజయ్ మర్చంట్, అండర్-19కు కూచ్ బెహార్, అండర్-23కు సి.కె. నాయుడు ట్రోఫీ. మొదటి మెట్టు తప్పినవాడికి రెండవ మెట్టు ఎత్తుగా కనిపిస్తుంది.

5. కొల్లేటి ప్రాంతం: ఆలస్యంగా వచ్చేవారు

ఏలూరు, తాడేపల్లిగూడెం పరిసరాల్లోని డెల్టా గ్రామాల్లో ఆటస్థలానికీ వ్యవసాయానికీ విడదీయరాని సంబంధం ఉంది. సార్వా కోతలయ్యాక, దాళ్వా నాట్లు పడేలోగా ఖాళీగా ఉండే చేలే అక్కడి పిల్లలకు మైదానాలు. సంక్రాంతి పోటీలు జరిగేది ఆ వ్యవధిలోనే. కొల్లేటి లోపలి బెడ్ గ్రామాల్లో, చుట్టూ ఉన్న బెల్ట్ గ్రామాల్లో ఆ పాటి ఖాళీ కూడా తక్కువ. వరిచేలు చేపల చెరువులుగా మారినచోట మిగిలేది చెరువు గట్టు, బడి ఆవరణ. ఆడేది టెన్నిస్ బంతితో. తోలుబంతి, మ్యాట్, శిక్షకుడు, తెల్లదుస్తులు పట్టణంలో కళాశాలలో చేరాక ఎదురవుతాయి. అప్పటికి అండర్-16 గడువు ముగిసిపోతుంది. ఇక్కడి కుర్రవాడు జిల్లా జట్టు, మండల జట్టు దాటి రాష్ట్ర జట్టుకు చేరాలి. ఆ నడక 17 ఏళ్ల తరువాత మొదలైతే, పెద్ద లీగ్ చేరేనాటికి వయోపరిమితి అతని కొత్తదనాన్ని రద్దు చేసే అవకాశం ఎక్కువ.

వయస్సు కొలమానానికి మరో చిక్కు రుజువు. అండర్-16 బాలుర వయస్సు నిర్ధారణకు బీసీసీఐ ‘టీడబ్ల్యూ3’ అనే ఎముకల పరీక్షను వాడుతున్నది. ఎడమచేతి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల ఎదుగుదలను బట్టి వయస్సు అంచనా వేస్తారు. తప్పుడు జననపత్రాల బెడద ఎంతగా ఉందంటే, 2020లో బోర్డు స్వచ్ఛందంగా తప్పు ఒప్పుకున్నవారికి శిక్ష మినహాయింపు, దాచి పట్టుబడినవారికి రెండేళ్ల నిషేధం ప్రకటించింది. వయస్సు విలువైన అర్హత అయినప్పుడు దానిని తగ్గించి చూపే ప్రలోభం సహజంగానే పెరుగుతుంది. మ్యాచ్‌ల సంఖ్యకు ఆ బెడద లేదు. దానికి స్కోరుకార్డే సాక్ష్యం.

ఈ సందర్భంలో ఒక వైరుధ్యాన్ని ప్రస్తావించకుండా ఉండలేను. అండర్-23 పోటీకి పేరుపెట్టిన కొఠారి కనకయ్య నాయుడు, నాగపూర్‌లోని తెలుగు కుటుంబంలో 1895లో జన్మించినవాడు, తొలి టెస్టు ఆడింది 1932లో, లార్డ్స్‌లో, 36 ఏళ్ల వయస్సులో. భారత్‌కే అది తొలి టెస్టు. ఆయన దానికి కెప్టెన్. అంతకుముందు ఆయన ఆడటానికి దేశానికి టెస్టు హోదాయే లేదు. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెట్టినప్పుడు తొలి కెప్టెన్ కూడా ఆయనే, 58 ఏళ్ల వయస్సులో. నేటి వర్ధమాన నిబంధనను 1932కు వర్తింపజేస్తే నాయుడు అనర్హుడు. రాబిన్‌సన్ మాదిరిగానే ఆయన ఆలస్యానికీ కారణం ఆయన ఆట కాదు.

మన రాష్ట్రానికి ఇప్పుడు సొంత లీగ్ ఉంది. 2022లో ఆరు జట్లతో విశాఖపట్నంలో మొదలైన ఆంధ్ర ప్రీమియర్ లీగ్ ఐపీఎల్‌తో పోలిస్తే మైనర్ లీగ్ వంటిది. 2024 సీజన్‌కు నితీశ్‌ను గోదావరి టైటాన్స్ 15.6 లక్షల రూపాయలకు తీసుకుంది. 2025లో అతను భీమవరం బుల్స్‌కు కెప్టెన్. కొల్లేటికి కూతవేటు దూరంలోని పట్టణం పేరు మోసే జట్టు అది. ఇటువంటి లీగ్ కొత్త ఆటగాడి పురస్కారానికి నిబంధన రాసుకునేటప్పుడు ఐపీఎల్ షరతులను యథాతథంగా దించుకోవలసిన అవసరం లేదని నా అభిప్రాయం. జననతేదీ గడిని తీసివేసి, ఈ లీగ్‌లోనూ రంజీలోనూ ఆడిన మ్యాచ్‌లకు ఒక తక్కువ పరిమితి, పదో పన్నెండో, పెడితే సరిపోతుంది. అప్పుడు నిడమర్రు చేలల్లో టెన్నిస్ బంతితో మొదలై 27 ఏళ్లకు తొలి మ్యాచ్ ఆడే బౌలర్ కూడా, అండర్-16 నుండి వచ్చిన 19 ఏళ్ల బ్యాటర్ పక్కన అదే జాబితాలో నిలబడగలడు.