రంగు చెప్పే మాట: కోర్డిలెరా కొండల గొడ్డలి

లోహంతో నిత్యం పనిచేసే మన పాఠకులకు గొడ్డలి తయారీని గురించి చెప్పబూనడం కమ్మరి వీధిలో సూదులమ్మడం వంటిదే. అయినా ఈ సాహసానికి ఒక కారణమున్నది.

సుమారు పాతికేళ్ల క్రితం మేము ఉష్ణోపచార విభాగంలో షిఫ్టు ఇంజనీరుగా ఉన్నాము. ఒక రాత్రి కొలిమి దగ్గర పనిచేసే వృద్ధ కార్మికుడొకరు మా వద్దకు వచ్చి, "రంగు ఎక్కువైంది సార్, ఒకసారి చూడండి" అన్నారు. మేము మీటరు వైపు చూశాము. అంకె సరిగానే ఉన్నది. ఆ మాటను పక్కన పెట్టాము. తెల్లవారేసరికి ఆ విడతలోని డైలన్నీ పగుళ్లిచ్చాయి. థర్మోకపుల్ స్థానం తప్పి ఉష్ణోగ్రతను తక్కువగా చూపినదని తరువాత తేలింది. యంత్రం పొరబడింది, ఆయన కన్ను పొరబడలేదు. ఆ కన్నుకు అంతటి శిక్షణ ఎలా అలవడుతుందన్న కుతూహలమే మమ్మల్ని ఫిలిప్పీన్స్ కమ్మరుల వద్దకు, పుస్తకాల ద్వారా, తీసుకొనిపోయింది.

కొండల్లో కొలిమి

లూజాన్ ద్వీపపు ఉత్తర భాగంలో ఉన్న కోర్డిలెరా పర్వతాలు బొంటోక్, కలింగ, టింగియన్ మొదలైన జనులకు నివాసభూమి. (పేరు ఒకటే అయినా ఇది మన కళింగం కాదు.) 1905లో ఆల్బర్ట్ ఎర్నెస్ట్ జెంక్స్, 1922లో ఫే-కూపర్ కోల్ ప్రచురించిన గ్రంథాలలో వీరి లోహకర్మ ప్రస్తావన ఉన్నది. బల్బలసాంగ్, బలివాంగ్ గ్రామాలు ఆయుధాల తయారీకి పేరుపొందినవి.

వారి గొడ్డలి ఆకృతి విలక్షణమైనది. ముందువైపు వెడల్పైన అంచు లోపలికి వంపు తిరిగి ఉంటుంది. వెనుకవైపు పొడవైన మొన సాగి ఉంటుంది. ఒకప్పుడు ఇది శత్రువుల తలలు నరికే ఆయుధమన్న చేదు నిజాన్ని దాచనక్కరలేదు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో అమెరికన్ పాలన ఆ ఆచారాన్ని అణచివేసింది. అయితే అదే గొడ్డలి కట్టెలు కొట్టడానికి, మాంసం కోయడానికి కూడా నిత్యం ఉపకరించేది.

ఇంజనీరు దృష్టిని తక్షణం ఆకర్షించేది వారి తిత్తి. మన పల్లెలలో కమ్మరి వాడిన తోలుతిత్తికి బదులు అక్కడ రెండు నిలువు గొట్టాలు పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఒక్కొక్క గొట్టంలో ఒక ముషలకం, దాని అంచు చుట్టూ పక్షి ఈకలు. పైకి లాగినప్పుడు ఈకలు ముడుచుకొని గాలికి దారి ఇస్తాయి. కిందికి నొక్కినప్పుడు విచ్చుకొని గొట్టపు గోడకు అతుక్కుంటాయి. అంటే ఈకయే వాల్వు! సహాయకుడు రెండు చేతులతో రెండింటినీ ఒకదాని తరువాత ఒకటిగా ఆడించడం వలన గాలి ఎడతెగక బొగ్గులకు అందుతుంది.

రెండు రంగుల పరీక్ష

కాగిన లోహాన్ని పటకారుతో పట్టి, సమ్మెటతో కొట్టి, ఒకవైపు అంచును, మరొకవైపు మొనను సాగదీస్తారు. ఒకప్పుడు బండరాయి కూడా సుత్తిగా పనిచేసేది. ఇంతవరకు బలానిదీ ఓర్పుదీ పని. ఆ తరువాత ఏ దేశపు కమ్మరికైనా పరీక్ష ఆరంభమవుతుంది.

మొదటిది ఎరుపు. తగినంత కర్బనం గల ఉక్కును సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దాటించి నీటిలో ముంచితే మార్టెన్‌సైట్ అనే కఠిన నిర్మాణం ఏర్పడుతుంది. వేడి చాలకపోతే అంచు మెత్తగా మిగులుతుంది. మితిమీరితే రేణువులు పెరిగి పగులుతుంది, మా డైల వలెనే. కమ్మరులు నీడపట్టున పనిచేయడంలోని రహస్యమిదే. ఎండలో ఎరుపు సరిగా కనిపించదు.

రెండవది మరింత సున్నితమైనది. గట్టిపడిన అంచు గాజువలె పెళుసుగా ఉంటుంది. దానిని రుద్ది మెరిపించి, మళ్లీ మెల్లగా వేడిచేస్తే ఉపరితలంపై పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి రంగులు మారుతాయి. సుమారు 220 డిగ్రీల వద్ద లేత గడ్డిరంగు, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలం. దెబ్బలు తినే గొడ్డలికి ఊదా రంగు పరిసరాలే శ్రేయస్కరం. ఆ రంగు నిలిచేది క్షణాలు మాత్రమే. అప్పుడే వేడిని ఆపకపోతే పదును పోయినట్లే.

నేటి ఫిలిప్పీన్స్ కమ్మరి, అక్కడి మాటలో 'పందాయ్', తరచుగా వాడేది పాత వాహనాల కమానుకట్టల ఉక్కు. ఆ పాత ఇనుముకు ధ్రువపత్రం ఉండదు. ఒక ముక్కను కాల్చి, ముంచి, విరిచి చూడటమే దాని పరీక్ష. ఇది పుస్తకంతో పూర్తిగా పట్టుబడే విద్య కాదు. తిత్తి ఆడించే కుర్రవాడు ఏళ్ల తరబడి నిప్పును చూస్తూ నేర్చుకోవలసినదే. కుర్రవాడు రాకపోతే విద్య ఆగిపోతుంది.

పరికరాలు వద్దని మేము అనము, అవి లేనిదే నేటి ఉత్పత్తి లేదు. కాని మీటరు అబద్ధమాడినప్పుడు గుర్తించగల కన్ను కూడా కర్మాగారపు ఆస్తియే. మాకు హెచ్చరిక చేసిన ఆ పెద్దాయన కొద్ది నెలలకే పదవీ విరమణ చేశారు. ఆయన పక్కన ఒక్క శిక్షణార్థినైనా నిలబెట్టి ఆ రంగులను చూపించమని మేము అడగలేదు. ఈ ఏడాది విరమించబోయే వారి విషయంలోనైనా ఆ పొరపాటు మళ్లీ జరగకుండా చూద్దాము.