తోకలో ఒక గ్రాము, ముందు నాలుగు

హైదరాబాద్‌లో ఫ్యూజలాజ్ అనే మాట ఇప్పుడు మరీ కొత్తదేం కాదు. ఓఆర్‌ఆర్ దాటీ దాటగానే వచ్చే ఆదిబట్లలో టాటా, బోయింగ్ కలిసి పెట్టిన ఫ్యాక్టరీ ఉంది. 2018 మార్చిలో మొదలైంది. అదే ఏడాది జూన్‌లో అక్కడ తయారైన మొదటి అపాచీ ఫ్యూజలాజ్, అంటే రోటరూ ఇంజిన్లూ ఇంకా బిగించని ఒట్టి శరీరం, అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని మెసాకి బయల్దేరింది. అందుకే కాబోలు, ఆర్‌సీ హెలికాప్టర్ పిచ్చి పట్టిన మన కుర్రాళ్ళెవరైనా ముందు అనే మాట ఒకటే: "మామా, అపాచీ చేద్దాం!"

మేమూ అదే అన్నాం. చివరికి చేసింది మాత్రం చేతక్. ఎందుకలా జరిగిందో చెప్తే స్కేల్ ఫ్యూజలాజ్ అంటే ఏంటో సగం అర్థమైపోతుంది.

ముందు ఒక తేడా తెలియాలి. ఆదిబట్లలో చేసేది ఎముక. రోటర్ పైకి లాగే బలమంతా ఆ శరీరంలోని ఫ్రేముల్లోకే దిగుతుంది. ఇంజిన్లు, రెక్కలు, చక్రాలు అన్నీ దాన్నే పట్టుకుని ఉంటాయి. మన మోడల్లో అలా కాదు. మార్కెట్లో దొరికే 450 సైజు హెలికాప్టర్‌ని చూడండి. మోటారు, గేర్లు, సర్వోలు, బ్యాటరీ అన్నీ రెండు పల్చటి ఫ్రేముల మధ్య ఇమిడి ఉంటాయి, వెనక ఒక కార్బన్ గొట్టం, దాని చివర తోక రోటర్. బరువు మోసేది అంతా ఇదే. బాడీ లేకపోయినా హాయిగా ఎగురుతుంది. నిజానికి బాడీ లేకపోతేనే ఇంకా బాగా ఎగురుతుంది. మనం చేసే ఫ్యూజలాజ్ దాని మీద తొడిగే చొక్కా. కాబట్టి ఆ చొక్కా బరువు కాకూడదు, లోపలి ఎముకలకి రాసుకోకూడదు, ఊపిరి ఆడకుండా చేయకూడదు. మిగిలినదంతా ముచ్చటే.

ఇప్పుడు అపాచీ సంగతి. ఇద్దరు పైలట్లు ఒకరి వెనక ఒకరు కూర్చునే హెలికాప్టర్ కాబట్టి దాని ఒళ్ళు సన్నం. 450 ఫ్రేము, సర్వో చేతులు ఆ సన్నటి ఒంట్లో ఇరుక్కుంటాయి. తోక రోటర్ ఏమో గొట్టం చివర కాకుండా, నిలువు ఫిన్ పైన ఎక్కడో ఉంటుంది. అసలు దాంట్లో షాఫ్టు తోక వెంట వెళ్ళి, మధ్యలో ఇంకో గేర్‌బాక్స్ దగ్గర పైకి తిరుగుతుంది. మోడల్లో అది చేయాలంటే తోక చివర ఇంకో గేర్‌బాక్స్ పెట్టాలి. తోకలో బరువు పెంచడం ఎంత ఖరీదైన పనో కాసేపట్లో చూద్దాం. ఇక ఆ తోక రోటర్ బ్లేడ్లు నాలుగూ మామూలు ప్లస్ గుర్తులా ఉండవు, 55 డిగ్రీల కోణంలో కత్తెరలా ఉంటాయి. చూడ్డానికి అద్భుతం. మొదటిసారి చేసేవాడికి నరకం.

చేతక్ దీనికి అచ్చంగా తిరగేసినట్టు ఉంటుంది. ఫ్రాన్స్ వాళ్ళ అలువెట్ 3 ఇది. హెచ్ఏఎల్ లైసెన్సు తీసుకుని 1960ల నుంచి మన దగ్గర కట్టింది. మనకి దగ్గర చుట్టం కూడా: ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్ పైలట్లు ఏళ్ళ తరబడి పాఠాలు నేర్చుకున్నది సికింద్రాబాద్ పక్కన హకీంపేటలో, ఈ చేతక్‌ల మీదే. క్యాబిన్ వెడల్పు, తోక తిన్నగా ఉన్న శంకువు, తోక రోటర్ ఆ శంకువు చివరే. ఇంజిన్ మూత లేకుండా వీపు మీద బయటికే కనిపిస్తుంటుంది. అంటే మోడల్లో అక్కడ గాలికి దారి వదిలినా ఎవరూ తప్పు పట్టరు. పైగా ఫ్రెంచి హెలికాప్టర్ల రోటర్ పైనుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతుంది, మార్కెట్లో దొరికే ఎక్కువ మోడళ్ళు తిరిగేదీ అటే. అపాచీది ఎదురు దిశ.

ఇంక లెక్కలు. చేతక్ రోటర్ వ్యాసం 11.02 మీటర్లు. మన 450 రోటర్ దాదాపు 70 సెంటీమీటర్లు. భాగిస్తే 15.74. అంటే అసలు కొలతలన్నీ 15.74తో భాగించాలి. 10.03 మీటర్ల శరీరం 64 సెంటీమీటర్లకి వస్తుంది. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. బరువు దగ్గరే తమాషా. పొడవు 15.74 వంతులు తగ్గితే ఘనపరిమాణం దాని ఘనమంత, దాదాపు 3,900 వంతులు తగ్గుతుంది. చేతక్ గరిష్ఠ బరువు 2,200 కిలోలు. 3,900తో భాగిస్తే 564 గ్రాములు! బాడీ లేని మన 450 బ్యాటరీతో కలిపి సుమారు 800 గ్రాములు ఉంటుంది. చొక్కా తొడగకముందే అసలు దానికంటే లావన్నమాట. కాబట్టి మాకు మేము పెట్టుకున్న గీత: బాడీ మొత్తం, రంగుతో సహా, 150 గ్రాములు దాటకూడదు.

మొత్తం బరువు కన్నా ఆ బరువు ఎక్కడ ఉందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. హెలికాప్టర్ గరిమనాభి రోటర్ షాఫ్టు కిందే ఉండాలి. తోక చివర షాఫ్టుకి 42 సెంటీమీటర్ల దూరం. చేతక్ ముక్కంతా అద్దం, అక్కడ సీసం ముక్క దాచలేం; దాచగలిగింది పైలట్ల కాళ్ళ కింద, షాఫ్టుకి ఓ 10 సెంటీమీటర్ల ముందు. ఇంటర్‌లో చదివిన మొమెంట్ సూత్రమే: తోక చివర ఒక గ్రాము పెడితే ముందు నాలుగు గ్రాములకు పైనే పెట్టాలి. తోక మీద 10 గ్రాముల రంగు కొట్టారనుకోండి, ముందు 42 గ్రాముల సీసం. బాడీలో మూడోవంతు అక్కడే పోయింది. సీసానికి ముందు బ్యాటరీని జరిపి చూడాలి. 180 గ్రాముల బ్యాటరీని 2.3 సెంటీమీటర్లు ముందుకు తోస్తే అదే పని జరుగుతుంది, అదనపు బరువు సున్నా. అందుకే బ్యాటరీ ట్రేకి చోటు వదిలాకే క్యాబిన్‌లో సీట్లు గీయాలి. మేము సీట్లు ముందు గీసి, తర్వాత కోపైలట్‌ బొమ్మకి కాళ్ళు కోసేశాం.

ఫస్టియర్ ఈడీ క్లాసుని తిట్టుకోనివాళ్ళు మనలో ఎవరున్నారు? ఆ 'డెవలప్‌మెంట్ ఆఫ్ సర్ఫేసెస్' జీవితంలో ఎందుకు పనికొస్తుందని నేనూ అడిగాను. చేతక్ తోకకి పనికొచ్చింది. మా తోక ముందు వైపు వ్యాసం 60 మిల్లీమీటర్లు, చివర 30, పొడవు 350. ఇది కొస నరికిన శంకువు. విప్పి పరిస్తే 70 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 35 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న రెండు చాపాల మధ్య 15.4 డిగ్రీల ముక్క వస్తుంది. డ్రాయింగ్ షీటు మీద ఆ ముక్క కోసి, ఒక అంచు మీద ఇంకో అంచు వేసి అంటిస్తే తోక రెడీ. 200 జీఎస్ఎమ్ కాగితమైతే 10 గ్రాములు. పైన ఒక పొర పల్చటి గ్లాస్ క్లాత్, ఎపాక్సీ పూస్తే చేత్తో నొక్కినా సొట్ట పడదు.

క్యాబిన్ ఇంత సులువు కాదు, అక్కడ వంపులు రెండు దిక్కులా తిరుగుతాయి. త్రీ-వ్యూ డ్రాయింగ్ తీసుకుని, ప్రతి 4 సెంటీమీటర్లకీ ఒక అడ్డుకోత గీసుకుంటాం. బ్రెడ్డు ముక్కల్లాంటి ఆ కోతల్ని పల్చటి ప్లైవుడ్‌లో లేజర్‌తో కోయించి, మధ్య భాగం ఖాళీ చేసి, వరుసగా నిలబెడితే అస్థిపంజరం. ఈ పనికి రాయదుర్గం మంచి చోటు. 2023 మార్చిలో ఇక్కడ ప్రారంభమైన టీ-వర్క్స్‌లో లేజర్ కట్టర్లు, త్రీడీ ప్రింటర్లు, చెక్కపని సామాను ఒకే కప్పు కింద ఉన్నాయి. అలాంటి వర్క్‌షాప్ అందుబాటులో లేకపోతే ఫ్రెట్ రంపం, ఓపిక చాలు.

ఇక్కడే అందరికీ వచ్చే ఆలోచన: మొత్తం బాడీని త్రీడీ ప్రింట్ కొట్టేస్తే పోలా? మేము కొట్టాం. బాడీ ఉపరితలం దాదాపు 2,000 చదరపు సెంటీమీటర్లు. గోడ మందం 0.8 మిల్లీమీటర్లు పెట్టినా 160 ఘన సెంటీమీటర్ల పీఎల్ఏ అవుతుంది. సాంద్రత 1.24 కాబట్టి 198 గ్రాములు, అదీ రంగు, అద్దాలు, సీసం కాకుండా. అదే ఉపరితలానికి 49 జీఎస్ఎమ్ గ్లాస్ క్లాత్ రెండు పొరలు, దానంత బరువు ఎపాక్సీ అంటే 40 గ్రాములు. లోపల ప్లైవుడ్ ఫ్రేములు, బాల్సా పట్టీలు కలుపుకున్నా 90 దాటదు. ప్రింటర్‌ని తక్కువ చేసి మాట్లాడటం లేదు. పైలట్ల తలకాయలు, డాష్‌బోర్డు, ఇంజిన్ పైపులు లాంటి చిన్న వివరాలకి దాన్ని మించింది లేదు. చర్మానికి మాత్రం కాదు.

థర్మాకోల్‌తో అచ్చు చెక్కి దాని మీద గ్లాస్ క్లాత్ వేసే పద్ధతి కూడా ఉంది. గట్టిపడ్డాక లోపలి థర్మాకోల్‌ని అసిటోన్‌తో కరిగించేస్తారు. ఇందులో ఒక్క జాగ్రత్త: ఎపాక్సీయే వాడాలి. పాలియెస్టర్ రెసిన్ చవగ్గా వస్తుందని తెచ్చారో, మీ కళ్ళముందే థర్మాకోల్‌ని తినేస్తుంది. అద్దాలకి పెట్‌జీ షీటుని వేడి చేసి అచ్చు మీదికి లాగాలి, ఆ అచ్చు థర్మాకోల్‌ది అయితే వేడికే కుంగిపోతుంది కాబట్టి చెక్కతోనో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తోనో చేసుకోవాలి.

అతుకులు, గుంటలు పూడ్చడానికి ఎపాక్సీలో మైక్రోబెలూన్లనే తేలికైన పొడి కలిపి పూస్తాం. కొండపల్లిలో బొమ్మల ముక్కలు అతకడానికి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసేదాన్ని మక్కు అంటారు. మా రూములో దీని పేరూ మక్కే. అక్కడివాళ్ళు తెల్ల పొణికి చెక్క ఎంచుకున్నదీ తేలిగ్గా, మెత్తగా ఉంటుందనే. మనం బాల్సా కోసం వెతికేదీ అందుకే. మక్కు పూసి, ఉప్పుకాగితంతో రుద్ది, మళ్ళీ పూసి, మళ్ళీ రుద్ది. పూసిన దాంట్లో తొంభై శాతం నేల మీద పడితేనే పని సరిగ్గా చేసినట్టు.

బాడీని ఫ్రేముకి బిగించే దగ్గర మేము దెబ్బ తిన్నాం. నాలుగు చోట్ల రబ్బరు గ్రోమెట్ల మీద కూర్చోబెట్టాం, బానే ఉంది. తోక శంకువు చివర మాత్రం లోపలి కార్బన్ గొట్టాన్ని తాకుతోంది, ఒక మిల్లీమీటరు. చేత్తో కదిపితే తెలియలేదు. రోటర్ వేగం అందుకోగానే బాడీ సన్నగా అదిరింది, ఆ అదురు గొట్టం గుండా ఫ్రేము మీదున్న జైరోకి చేరింది. జైరో పని తోక తిరుగుతోందా లేదా అని పసిగట్టి తోక రోటర్‌ని సరిచేయడం. అదురునే తిరుగుడు అనుకుని అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. తోక గిర్రున తిరిగింది, హెలికాప్టర్ పక్కకి ఒరిగింది, బ్లేడు నేలకి తగిలి విరిగింది. ఒక ముక్క మా వాడి కాళ్ళకి మూడు మీటర్ల దూరంలో మట్టిలో దిగబడింది. తర్వాత ఎవరం కాసేపు మాట్లాడలేదు.

35 సెంటీమీటర్ల వ్యాసార్ధం, నిమిషానికి 2,000 చుట్లు అంటే బ్లేడు కొస వేగం సెకనుకి 73 మీటర్లు, గంటకి 264 కిలోమీటర్లు. ఇది చిన్న హెలికాప్టరు. 2013 సెప్టెంబరులో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో, ఇంతకంటే పెద్ద మోడల్ ఎగరేస్తున్న 19 ఏళ్ళ కుర్రాడు తన హెలికాప్టర్ బ్లేడు తగిలే చనిపోయాడు. అనుభవం లేనివాడేం కాదు. కాబట్టి బాడీ మీద ఎంత మోజున్నా, ముందు బాడీ లేకుండా హెలికాప్టర్‌ని ట్యూన్ చేసి నిలకడగా ఎగరేయండి. తర్వాత బాడీ తొడిగి, బ్లేడ్లు తీసేసి మోటారు తిప్పి, ఎక్కడ రాసుకుంటుందో వెతకండి. మేము తోకలో గొట్టం చుట్టూ ఒక ముక్క కార్బన్ పేపరు చుట్టి తిప్పాం. తాకిన చోట నల్ల మచ్చ పడింది. ఆ తర్వాతే బ్లేడ్లు, అదీ పది మీటర్ల దూరంలో నిలబడి. బ్యాటరీ ప్లగ్గు కూడా రోటర్ కింద చేయి పెట్టకుండా అందేలా, ముందు వైపు అయస్కాంతాలతో తెరుచుకునే మూత కింద పెట్టండి.

బ్యాలెన్సు చూడటం తేలికే. బ్లేడ్లని శరీరానికి అడ్డంగా తిప్పి, రోటర్ హెడ్ దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని ఎత్తాలి. ముక్కు వంగితే బ్యాటరీ వెనక్కి, తోక వంగితే ముందుకి.

రాయదుర్గంలో చేయడానికి అన్నీ ఉన్నాయి గానీ ఎగరేయడానికి చోటు లేదు. ఎటు చూసినా అద్దాల మేడలు, మెట్రో, మనుషులు. హాస్టల్ టెర్రస్ అనే ఆలోచన వస్తే వచ్చిన దారినే పంపించేయండి. డ్రోన్ రూల్స్ 2021లో 25 కిలోల లోపు ఉండి చదువుకో సరదాకో, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసే మోడళ్ళకి వేరే వర్గం ఉంది. అయినా ఎక్కడ ఎగరేయొచ్చో డిజిటల్ స్కై మ్యాప్‌లో చూసుకోవాల్సిందే. మన ఊరి చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ ఉన్నాయని మర్చిపోవద్దు. మేము ఆదివారం పొద్దున్నే ఊరి బయటికి, అనుమతించిన జోన్‌లోకి వెళ్తున్నాం. అట్టపెట్టెలో దుప్పటి చుట్టి, ఒడిలో పెట్టుకుని.

రెండో బాడీ ఇప్పుడు 146 గ్రాములు. రంగు వేసేశాం, తోక మీద ఒకే కోటు. తోక చివర ఎర్ర లైటు పెట్టాలా వద్దా అనే గొడవ మాత్రం ఇంకా తేలలేదు. ఎల్ఈడీ, వైరు కలిపి 3 గ్రాములు. అంటే ముందు ఇంకో 12.