ఎగ్మూరులో ఒక పగలు

పరిచయము లేని పట్టణములో పగలంతయు ఒంటరిగా గడపవలసి వచ్చుటను పలువురు శిక్షగా భావింతురు. ఇటీవల చెన్నైలో మాకట్టి పగలొకటి దొరకినది. ‘మేము’ అనుట మా రేడియోవారి అలవాటే గాని, వెళ్ళినది ఒక్కరమే. వచ్చిన పని సాయంకాలమునకు వాయిదా పడినది. సెంట్రల్ స్టేషనులో సామాను భద్రపరచి, ప్రక్కనున్న తెల్లని రిప్పన్ భవనమును చూచుచు కాలినడకను బయలుదేరినాము. తోడెవరైన ఉన్నచో ఆటో ఎక్కక తప్పెడిది కాదు. 1908 నాటి ఎగ్మూరు స్టేషను ఎర్రని గోడలను దాటి పాంథియన్ రోడ్డు చేరుసరికి చొక్కా తడిసినది.

ఇచటి ప్రభుత్వ మ్యూజియం 1851లో స్థాపితమైనది. ఆవరణలో భవనములు పెక్కు. అన్నిటిని ఒక్కనాడే చూడబూనినవారికి మిగులునది కాళ్ళనొప్పులే. చోళుల నాటి కంచు విగ్రహములను, అందు తిరువాలంగాడు నటరాజును, చూచితిమనిపించుకొని అమరావతి శిల్పముల గదికి వెళ్ళినాము. గుంటూరు సీమవారమగుటచే అచట మాకు చుట్టరికము కలదు.

చలువరాతివలె కనబడు ఈ పలకలు నిజమునకు పలనాటి సున్నపురాయి. మెత్తని రాయి గనుకనే ఉలికి అంత సన్నని పని లొంగినది. కాల్చిన సున్నమగును గనుకనే అంత నాశనమును కలిగినది. 1797లో కాలిన్ మెకంజీ అమరావతికి వచ్చునప్పటికి, వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారి క్రొత్త పట్టణమునకై దీపాలదిన్నెను త్రవ్వి రాళ్ళు తీయుచుండిరి. అటుపిమ్మట సున్నపుబట్టీల పాలైనవెన్నియో! మా సీమలో ఏ పాతగోడ సున్నములో ఏ శిల్పి పనితనము కలసియున్నదో ఎవరు చెప్పగలరు? 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన రాళ్ళు మద్రాసు చేరినవి. వానిలో పెక్కు 1859లో ఓడనెక్కి లండను వెళ్ళినవి; నేడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి.

ఎగ్మూరులో నిలిచినవానిలో నలగిరి కథ చెక్కిన గుండ్రని ఫలకమొకటి కలదు. దానియెదుట నిలుచుండగా బడిపిల్లల వరుస మా వెనుకగా సాగిపోయినది. ఒక బాలిక మాత్రము ఆగి, ‘ఏనుగులు రెండా అండీ, ఒకటేనా?’ అని తమిళమున అడిగినది. అడుగవలసిన ప్రశ్న అదే. ఏనుగు ఒక్కటే, సమయములు రెండు. దేవదత్తుని పన్నాగమున రాజగృహ వీథిలోనికి వదలబడిన ఏనుగు ఒకవైపు జనులపై విరుచుకొనిపడుచున్నది. మరొకవైపు అదే ఏనుగు బుద్ధుని పాదములయొద్ద మోకరిల్లినది. నడుమ గీత లేదు. చూపు ఒక వైపునుండి మరొక వైపునకు నడచునంతలో కథయు నడచును. భయముతో వెనుకకు ఒదిగిన స్త్రీయొకతె, మేడ గవాక్షములనుండి తొంగిచూచు ముఖములు—వీనిని కనుగొనుటకు మాకు అరగంట పట్టినది. గుంపుతో వెళ్ళినవారికి ఆ అరగంట ఎవరిత్తురు?

బాలికకు వచ్చీరాని తమిళమున ఇంతయు చెప్పబోవునంతలో ఉపాధ్యాయిని పిలిచినది. ఆమె పరుగెత్తినది. మేము మరల గవాక్షములలోని తలలను లెక్కించుచుండగా, మూయువేళయైనదని కావలివాడు తాళములగుత్తి గలగలలాడించినాడు.