వానొస్తుందన్నారు, రాలేదేం?

వడియాలు పెట్టాలన్నా, మిరపకాయలు ఎండబెట్టాలన్నా, పెళ్ళికి పందిరి వేయించాలన్నా మనం ముందు అడిగేది వాన సంగతే. టీవీలో "కోస్తాలో ఒకటి రెండు చోట్ల వర్షాలు" అంటారు. మేడమీద బట్టలన్నీ తీసేసి కూర్చుంటే చుక్క పడదు. ఏమీ లేదన్న రోజున కుండపోత! "వాళ్ళు వస్తుందంటే రాదులే" అని నవ్వుకుంటాం. వడియాలైతే నవ్వి ఊరుకోవచ్చు. తుపాను విషయంలో ఆ మాట ప్రాణాలమీదికి తెస్తుంది. అందుకే ఈ సూచనలు ఎలా తయారవుతాయో, ఎక్కడ తప్పుతాయో మనమూ కాస్త తెలుసుకుందాం.

ఎలా చెబుతారు?

భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడింది. రేపటి సంగతి చెప్పాలంటే ముందు ఇవాళ గాలి ఎలా ఉందో తెలియాలి. అందుకని ఊళ్ళలోని కేంద్రాల్లో వేడి, తేమ, గాలి ఒత్తిడి, వాన కొలుస్తారు. విశాఖపట్నం, మచిలీపట్నం, హైదరాబాదు వంటి చోట్ల పెద్ద బెలూనుకి చిన్న పరికరం కట్టి ఆకాశంలోకి వదులుతారు. పైకి పోతూ ఎంత ఎత్తులో ఎంత చలి, ఎంత తేమ ఉన్నాయో అది రేడియో ద్వారా కిందికి చెబుతుంది. ఇన్సాట్ ఉపగ్రహాలు మబ్బుల ఫోటోలు పంపుతాయి. డాప్లర్ రాడార్లు వాన ఎంత దూరంలో ఉందో, ఎటు కదులుతోందో చూపిస్తాయి.

ఈ అంకెలన్నీ పెద్ద కంప్యూటర్లకి ఇస్తారు. మనం చుక్కల ముగ్గు వేసినట్టే అవి భూమంతా గళ్ళు గళ్ళుగా విడదీసి, ఒక్కో గడిలో గాలి కాసేపటికి ఎలా మారుతుందో లెక్క కడతాయి. 2025 మే నెలలో మన దేశం మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కో గడి 6 కిలోమీటర్లు.

ఎందుకు తప్పుతుంది?

మొదటి చిక్కు, అన్నిచోట్లా కొలతలు దొరకవు. మన తుపాన్లు పుట్టేది బంగాళాఖాతంలో. నడిసముద్రంలో కేంద్రాలు ఎక్కడుంటాయి? ఓడలూ, తేలే పరికరాలూ, ఉపగ్రహాలూ చెప్పిందే ఆధారం.

రెండోది, పిసరంత తేడా కొండంత అవుతుంది. అమెరికాలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1961లో కంప్యూటరుకి 0.506127 అనే అంకెని 0.506 అని కుదించి ఇచ్చాడు. కాసేపు పాత లెక్కా కొత్త లెక్కా ఒక్కలాగే నడిచి, తర్వాత పొంతన లేకుండా పోయాయి. అందుకే ఇప్పుడు మొదటి అంకెలు కొంచెం కొంచెం మార్చి ఒకే లెక్కని పలుమార్లు చేస్తారు. ఎక్కువ లెక్కలు ఒకే మాట చెబితే గట్టిగా చెబుతారు. లేదంటే "అవకాశం ఉంది" అంటారు.

మూడోది ఉరుముల వాన. పాలు పొయ్యిమీద పెడితే పొంగుతాయని తెలుసు గానీ, మొదటి బుడగ గిన్నెలో ఎక్కడ లేస్తుందో చెప్పగలమా? ఎండాకాలం సాయంత్రం ఉరుముల వానా అంతే. జిల్లాలో పడుతుందని చెప్పగలరు. మన వీధిలోనా, పక్క వీధిలోనా అంటే రెండు మూడు గంటల ముందు రాడార్ చూసి చెప్పాల్సిందే.

తప్పినా వినాలా?

వినాలి. 2013 నవంబరులో లెహర్ తుపాను చాలా తీవ్రంగా మన తీరంమీదికి వస్తోందన్నారు. జనాన్ని శిబిరాలకి చేర్చారు. తీరా అది సముద్రంలోనే నీరసించి, 28న మచిలీపట్నం దగ్గర వాయుగుండంగా దాటింది. మూటాముల్లె సర్దుకుని వెళ్ళినవాళ్ళకి విసుగు రాదా మరి? కానీ ఏడాది తిరక్కుండానే, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడింది. గాలి గంటకి 180 కిలోమీటర్లు! అది అటే వస్తుందని కొన్ని రోజుల ముందే చెప్పారు, లక్షలమందిని తరలించారు. ఆస్తులు పోయాయి గానీ, ప్రాణనష్టం పదుల్లో ఆగింది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. లెహర్ తప్పిందని విశాఖవాళ్ళు కదలకుండా కూర్చునుంటే ఏమయ్యేదో ఆలోచించండి.

ఈ మాటలు గుర్తుపెట్టుకోండి

"ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నూటికి 25 లేదా అంతకన్నా తక్కువ చోట్ల వాన అని. మన ఇంటిమీద పడకపోతే సూచన తప్పినట్టు కాదు. "చాలా చోట్ల" అంటే మాత్రం వడియాల పని వాయిదా వేసుకోండి.

"భారీ వర్షం" అంటే ఒక రోజులో 7 నుంచి 11 సెంటీమీటర్లు, "అతి భారీ" అంటే 12 నుంచి 20, "అత్యంత భారీ" అంటే 20కి పైన. 7 సెంటీమీటర్లంటే చదరపు మీటరు నేలమీద 70 లీటర్ల నీళ్ళు!

పసుపు రంగు హెచ్చరికకి కనిపెట్టుకుని ఉండాలి. నారింజకి సిద్ధంగా ఉండాలి. ఎరుపుకి వెంటనే కదలాలి. తుపాను వేళ నిన్నటి వార్త పట్టుకుని కూర్చోకండి. కొత్త కొలతలు వచ్చినకొద్దీ సూచన మారుతుంది, పొద్దునా సాయంత్రం తాజా వార్త వినండి. రేషన్‌కార్డు, పిల్లల సర్టిఫికెట్లు, పెద్దవాళ్ళ మందులు, టార్చిలైటు ఒక సంచిలో ముందే సర్దిపెట్టుకోండి. ఆయన డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగుదామని ఎదురుచూడకండి. వెళ్ళమన్నప్పుడు పిల్లల్నీ ముసలివాళ్ళనీ వెంటబెట్టుకుని బయల్దేరండి. గండం తప్పిపోతే మర్నాడు ఇంటికొచ్చి పొయ్యి వెలిగించుకోవచ్చు.