కథాక్రీడలలో కనికట్టు

నలుగురైదుగురు మిత్రులు ఒక బల్ల చుట్టును కూర్చుండి, తమలో ఒకరిని సూత్రధారిగా ఎన్నుకొని, తక్కినవారు తలకొక పాత్రను వహించి, మాటలతోనే ఒక సాహసగాథను నడుపుకొను వినోదము నేడు పెక్కు దేశములలో వ్యాపించియున్నది. ఇట్టి ఆటలలో మొదట అచ్చయి వచ్చినది ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు అమెరికనులు రచించిన ఈ ఆట 1974లో వెలువడెను. సూత్రధారి స్థలమును వర్ణించును. శత్రువుల పాత్రలన్నియు అతనివే. ఆటగాండ్రు తాము చేయబోవు పనిని చెప్పుదురు. ఫలము సందేహాస్పదమైనపుడు ఇరువది ముఖముల పాచిక తీర్పు చెప్పును.

ఈ ఆటలోని మాంత్రికులకు గల విద్యలలో కనికట్టు ఒకటి. లేనిదానిని ఉన్నట్లు చూపుట దాని పని. 1974 నాటి నియమములలోనే ఇట్టి మంత్రము కలదు. మాయను నిజమని నమ్మినవానికి దానివలన తగిలిన దెబ్బయు నిజమే యగునని ఆ నియమము. 1975లో ‘స్ట్రాటజిక్ రివ్యూ’ అను పత్రికలో కనికట్టునే వృత్తిగా గల మాంత్రికుని పాత్ర వెలువడెను. 1978 నాటి గ్రంథమున దానికి చోటు లభించెను. అయినను ఈ విద్యను చేపట్టినవారు కొంతకాలమునకు విసిగి, నిప్పులు కురిపించు మంత్రములకు మరలుట కలదు. దీనికి కారణమేమి? ఈ విద్యను ఫలవంతముగ వాడుకొనుట ఎట్లు? ఈ రెండు ప్రశ్నలను మేము ఇచట విచారింతుము.

ముందుగా నియమమును తెలిసికొందము. 2014లో వచ్చిన అయిదవ కూర్పున ‘సైలెంట్ ఇమేజ్’ అను మంత్రము పొడవు, వెడల్పు, ఎత్తులలో పదునైదడుగులకు మించని రూపమును కల్పించును. మాంత్రికుడు మనస్సు చెదరక నిలిపినచో అది పది నిమిషముల వరకు ఉండును. దానికి ధ్వని లేదు, వాసన లేదు. తాకినచో చేయి అందులోనుండి దూరిపోవును, గుట్టు బయటపడును. తాకక కనిపెట్టవలెనన్నచో శత్రువు తన వంతును వెచ్చించి పరిశీలింపవలెను. పాచిక అనుకూలించిననే మాయ తెలియును. ఈ పోరాటములలో ఒక్కొక్క వంతు ఆరు సెకండ్ల కాలమునకు లెక్క. కావున శత్రువు మాయను కనిపెట్టినను, ఆ వంతులో అతడు కత్తి దూయలేదు. అదియును లాభమే.

నేర్పు లేనివాడు ఈ మంత్రముతో మహాసర్పమును సృష్టించును. బుసకొట్టని సర్పమును ఎవడు నమ్మును? నేర్పరి రాతిగోడను సృష్టించును. గోడ సహజముగనే మాటలాడదు. తరుముకొని వచ్చువారు పక్కసందు మూసియున్నదనుకొని ముందునకు పరుగిడుదురు. కాని ఆ కోటలోనే పెరిగిన కావలివాండ్ర యెదుట ఆ గోడ పనికిరాదు. నిన్న లేని గోడ నేడెట్లు వచ్చెనని వారికి తోచును. అట్టిచోట, ఇరువది పీపాలున్న గోదాములో ఇరువది యొకటవ పీపాను కల్పించి దాని వెనుక దాగుట మేలు. పీపాలను లెక్కించువారు అరుదు. ఎదుటివాడు దేనిని చూడ నిరీక్షించునో దానినే చూపవలెను. తాకిచూడవలెనను కోరిక అతనికి కలుగనీయరాదు. ఈ విద్యకు ఇదియే ప్రథమసూత్రము.

ధ్వనికిని ఇదే న్యాయము. ‘మైనర్ ఇల్యూజన్’ అను చిన్న మంత్రము రూపమునో ధ్వనినో ఏదో ఒకదానినే ఒక నిమిషముపాటు కల్పించును. ధ్వని యొక్కటియే చాలునా అని సందేహింప నక్కరలేదు. కొబ్బరిచిప్పల చప్పుడు విని గుఱ్ఱము వచ్చినదని నమ్ముట రేడియో నాటకముల శ్రోతలకు అలవాటే. మూసిన తలుపు వెనుక సింహగర్జన వినిపించుటకంటె, తోటి కావలివాని దగ్గు వినిపించుట ఎక్కువ పనిచేయును.

ఇక, బయటపడిన మాయయు వ్యర్థము కాదు. మయసభలో దుర్యోధనుని పాటు మనము ఎరిగినదే. నేలను నీరని భ్రమించి వస్త్రము ఎత్తిపట్టెను. పిమ్మట నీటిని నేలయని భ్రమించి అందు పడెను. మొదటి భ్రమ అతనిని నవ్వులపాలు చేసినది. రెండవది నీటిలో ముంచినది. మొదటి గదిలో మాయగోతిని చూపి, శత్రువు దానిని కనిపెట్టి నవ్వుచు దాటునట్లు చేయుడు. రెండవ గదిలో నిజమైన గోయి యున్నచో, దానిని కప్పవలసిన పని లేదు. అదియు మాయయేయని అతడే అందు కాలు మోపవచ్చును.

ఇంత సొగసైన విద్యను ఆటగాండ్రు ఏల విడిచిపెట్టుదురు? అయిదవ కూర్పున అగ్నిగోళ మంత్రము కలిగించు దెబ్బ ఎనిమిది ఆరు ముఖముల పాచికల మొత్తమని గ్రంథమే చెప్పుచున్నది. సూత్రధారి దానిని కాదనజాలడు. కనికట్టు ఫలము మాత్రము చాలవరకు సూత్రధారి తీర్పుపై ఆధారపడినది. గోడ మాయయని అతనికి తెలియును. అతడు నడుపు కావలివానికి తెలియదు. తనకు తెలిసినదానిని మరచి, కావలివాని కన్నులతో చూడగల నిగ్రహము సూత్రధారికి ఉండవలెను. ప్రతి శత్రువును కారణము లేకయే గోడను పొడిచి చూచుచున్నచో, ఆ ఆటగాడు ఇక గోడలు కట్టడు, నిప్పునే నమ్ముకొనును. ఆటలో ఊహకు చోటు తగ్గిపోవును.

ఆటగానికిని బాధ్యత కలదు. “ఇట్టి రూపమును చూపుచున్నాను; దీనిని చూచి శత్రువు ఇట్లు చేయవలెనని నా ఉద్దేశము” అని ముందే విప్పి చెప్పవలెను. ఒక్క చిన్న మంత్రముతో సైన్యములు చెదరిపోవలెనని పట్టుబట్టరాదు. మంచి యుక్తికి ఫలమీయక తప్పదని సూత్రధారియు, సూత్రధారి అన్యాయము చేయడని ఆటగాడును పరస్పరము విశ్వసించినపుడే ఈ విద్య రాణించును. శత్రువును మోసగించు ఈ కళకు మిత్రుల నడుమ విశ్వాసమే ఆధారమని మా అభిప్రాయము.