సముద్రం దాటి వచ్చిన శునకం, వెంట వచ్చిన వ్యాధి

మన దేశంలో కుక్కను పెంచుకోదలచినవారు తెలిసినవారి ఇంట పిల్లలు పుట్టినప్పుడు ఒకదానిని తెచ్చుకుంటారు. లేదా వీధిలో నాలుగు రోజులు అన్నం పెట్టగా గుమ్మం విడువని కుక్కయే క్రమంగా ఇంటిదవుతుంది. మన టౌన్‌షిప్ క్వార్టర్లలోని కుక్కలు చాలావరకు ఈ రెండవ కోవకు చెందినవే. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేవారిని గేటు నుండి ఇంటి వరకు దిగబెట్టే ఆ జీవులకు ధ్రువపత్రాలుండవు. ఉన్నాయా అని అడిగేవారూ ఉండరు.

ఇంగ్లండులో ఇందుకు భిన్నమైన పద్ధతి ఒకటి ఇటీవలి దశాబ్దాలలో బాగా వ్యాపించినది. స్పెయిన్, సైప్రస్, రుమేనియా వంటి దేశాలలో యజమానులు విడిచిపెట్టిన కుక్కలను అక్కడి శరణాలయాల నుండి రప్పించుకొని పెంచుకోవడమే ఆ పద్ధతి. దీనిని వారు దత్తత అనే అంటారు. సంస్థవారు వచ్చి ఇల్లు చూస్తారు, దొడ్డిగోడ ఎత్తు కొలుస్తారు, ఇంట ఎవరెవరున్నారో, ఎంతసేపు కుక్క ఒంటరిగా ఉండవలసి వస్తుందో అడిగి వ్రాసుకుంటారు. పెళ్ళి సంబంధానికి కూడా ఇన్ని ప్రశ్నలు అడిగినవారు మాకు తారసపడలేదు.

ఒకప్పుడు ఇది సాధ్యమయ్యేది కాదు. 1922 నాటికే రేబిస్‌ను నిర్మూలించుకొన్న బ్రిటన్, పరదేశపు కుక్క ఏది వచ్చినా ఆరు మాసాలు క్వారంటైన్‌లో ఉంచేది. 2000వ సంవత్సరంలో ఆ నియమాన్ని సడలించి, మైక్రోచిప్పు, టీకా, రక్తపరీక్ష ఉన్న కుక్కలను నేరుగా అనుమతించసాగింది. 2012లో నిబంధనలు మరికొంత సులభమైనవి. అంతకు ముందు ప్రయాణానికి పూర్వం తప్పనిసరిగా చేయించవలసిన గోమార్ల మందు కూడా అప్పుడే తొలగిపోయినది. ద్వారం తెరచుకొన్నది. ఆ ద్వారం వద్ద ప్రధానంగా వెదకేది రేబిస్‌ను, ఒక రకం బద్దెపురుగును మాత్రమే. మిగిలిన వ్యాధుల సంగతి తెచ్చుకొనేవారి విచక్షణకు విడిచిపెట్టబడినది.

2023లో మేము దంపతులం ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట ఆరు మాసాలు గడిపినప్పుడు ఈ విషయమంతా దగ్గరగా చూసే అవకాశం కలిగినది. అంతకు ముందు సంవత్సరం వారు స్పెయిన్ నుండి ఒక ఆడకుక్కను తెచ్చుకున్నారు. అది గాల్గో జాతిది. మన ముధోల్ వేటకుక్కను చూసినవారు గాల్గోను చూడనక్కరలేదు. అదే సన్నని నడుము, అవే పొడవాటి కాళ్ళు, అదే బిడియం. (ముధోల్ కుక్క బొమ్మతో మన తపాలాశాఖ 2005లో స్టాంపు విడుదల చేసిన సంగతి స్టాంపులు సేకరించే మన పిల్లలకు తెలిసే ఉంటుంది.) స్పెయిన్ పల్లెలలో ఈ కుక్కలతో కుందేళ్ళను వేటాడతారు. శీతకాలపు వేట ముగిసిన పిమ్మట పరుగు తగ్గిన కుక్కకు, వయసు మీరిన కుక్కకు తిండి దండుగ అని భావించే వేటగాళ్ళు వాటిని ఊరి వెలుపల వదలిపెడతారు. ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే అక్కడి శరణాలయాలు నిండిపోతాయి.

శరణాలయంవారు ఈ కుక్కకు పెట్టిన పేరు లూనా. స్పానిష్ భాషలో చంద్రుడని అర్థం. మా శ్రీమతికి ఆ మాట నోటికి రాలేదో, రానివ్వలేదో గాని, వచ్చిన రెండవ రోజునుండి దానిని వెన్నెల అని పిలవసాగినది. అదీ పలికేది.

వెన్నెల వచ్చేటప్పుడు దాని వెంట ఒక ఫైలు వచ్చినది. రేబిస్ టీకా వేసిన తేదీ, మైక్రోచిప్పు సంఖ్య, నాలుగు వ్యాధులకు జరిపిన రక్తపరీక్షల ఫలితాలు అందులో ఉన్నాయి. నాలుగింటి ఎదుట లేదు అనే వ్రాసి ఉన్నది. అల్లుడుగారు ఇంజనీరు, కాగితం మీద ఉన్నదానిని నమ్మే స్వభావం. ఏడాది తిరిగేసరికి ఆ కుక్క కళ్ళ చుట్టూ వెంట్రుకలు రాలి కళ్ళజోడు పెట్టుకున్నట్లు కనిపించసాగినది. చెవుల అంచులు పొట్టు లేచాయి. రోజూ మైళ్ళకొద్దీ నడిచే కుక్కకు గోళ్ళు అరగవలసింది పోయి వంకరలు తిరిగి పెరిగాయి. తిండి తింటూనే చిక్కిపోయినది. ఒకనాటి ఉదయం ముక్కు నుండి రక్తం కారినది.

పశువైద్యురాలు అడిగిన మొదటి ప్రశ్న “ఈ కుక్క ఎక్కడ పుట్టినది?” అని. స్పెయిన్ అనగానే ఆమె ఏ రక్తపరీక్ష వ్రాయాలో నిశ్చయించుకున్నట్లే కనిపించినది. ఫలితం రెండు రోజులలో వచ్చినది. వ్యాధి పేరు లీష్మానియాసిస్.

ఈ పేరు వినగానే మాకు కలిగిన ఆశ్చర్యానికి కారణమున్నది. ఈ వ్యాధి మనకు పరాయిది కాదు. బీహారు, జార్ఖండ్, బెంగాలు పల్లెలను దీర్ఘకాలం పీడించిన కాలా అజార్ కూడా ఈ కుటుంబంలోనిదే. కలకత్తా సమీపంలోని డండంలో పనిచేసి వ్యాధితో మరణించిన ఒక సైనికుని ప్లీహంలో లీష్మన్ అనే సైనిక వైద్యుడు చూసిన సూక్ష్మజీవులను, 1903లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో ఛార్లెస్ డోనోవన్ స్వతంత్రంగా గుర్తించాడు. వారిద్దరి పేర్లనూ కలిపి లీష్మానియా డోనోవనీ అని పేరు పెట్టినవాడు మలేరియా పరిశోధకుడు రోనాల్డ్ రాస్. 1908లో ట్యూనిస్ నగరంలో, తరువాత నోబెల్ బహుమతి పొందిన ఛార్లెస్ నికోల్, ఇటువంటి క్రిములే కుక్కలలోనూ ఉన్నట్లు కనుగొన్నాడు. మధ్యధరా తీరపు వ్యాధికి, మన కాలా అజార్‌కు తేడా అక్కడే ఉన్నది. మన వద్ద అది ప్రధానంగా మనిషి నుండి మనిషికి వచ్చే వ్యాధి. అక్కడ దానికి ఆశ్రయం కుక్క. రెండుచోట్లా మోసుకొని పోయేది మాత్రం ఇసుక ఈగయే. దోమలో మూడవ వంతు ఉండే ఆ ఈగ చప్పుడు చేయదు. మునిమాపువేళ మొదలుకొని రాత్రివేళ కుడుతుంది.

కాగితం మీద లేదన్న వ్యాధి ఒంట్లోకి ఎలా వచ్చినదని అల్లుడుగారు పట్టుపట్టి అడిగారు. ఈగ కుట్టిన వెంటనే రక్తంలో జాడ తెలియదట. పరీక్ష పట్టుకొనేది క్రిమికి ప్రతిగా శరీరం తయారుచేసుకొనే పదార్థాలను. అవి తగినంతగా తయారవడానికి మాసాలు పట్టవచ్చును. వ్యాధి లక్షణాలు బయటపడడానికి కొన్ని కుక్కలలో సంవత్సరాలే పడుతుంది. కావున బయలుదేరేముందు జరిపిన పరీక్ష ఆనాటికి మాత్రమే సాక్ష్యం. వచ్చిన ఆరు మాసాలకు మరల పరీక్ష చేయించవలసినదని ఫైలులో ఎక్కడా లేదు. దత్తత ఇచ్చిన సంస్థవారు ఆ ఒక్క వాక్యం చేర్చి ఉంటే మూత్రంలో మాంసకృత్తులు పోయే దశకు రాకముందే చికిత్స ఆరంభమయ్యేదని మా నమ్మకం. బీమా కంపెనీవారు ఇది పాలసీకి పూర్వమే సంక్రమించిన వ్యాధి అని వ్రాసి పంపి చేతులు దులుపుకున్నారు. ఖర్చంతా ఇంటివారిదే అయినది.

సంస్థవారు ఫోను చేసి, వీలుకాకపోతే కుక్కను వెనుకకు తీసుకుంటామన్నారు. అప్పటికి మా అమ్మాయికి ఐదవ నెల. రాజమహేంద్రవరం నుండి వియ్యపురాలుగారు రోజూ మాట్లాడేవారు. “పురిటి ఇంట జబ్బు కుక్క ఏమిటమ్మా? మనుషులకు కూడా వచ్చే జబ్బంటున్నారు కదా!” అన్నారు. ఆ ప్రశ్నను తోసిపుచ్చడానికి వీలులేదు. మధ్యధరా తీరంలో పసిపిల్లలకు, వ్యాధినిరోధక శక్తి క్షీణించినవారికి ఈ జబ్బు ప్రమాదకరమే. అమ్మాయి ఆవేశపడకుండా ఆ ప్రశ్ననే పశువైద్యురాలినీ, తన ప్రసవ వైద్యురాలినీ వేరువేరుగా అడిగినది. ఇద్దరి సమాధానమూ ఒకటే. ముట్టుకున్నందున, నాకినందున ఇది మనిషికి అంటదు. నడుమ ఇసుక ఈగ ఉండాలి. ఇంగ్లండులో ఆ ఈగ స్థిరపడలేదు. కుక్క నుండి కుక్కకు కాటు గాయాల ద్వారా సోకిన సందర్భాలు అరుదుగా ఉన్నాయి గనుక వీధిలో ఇతర కుక్కలతో కలబడనీయరాదు. దాని రక్తాన్ని మరే కుక్కకూ ఎక్కించరాదు. సెలవులకు స్పెయిన్ వెళ్ళేటప్పుడు వెంట తీసుకొని పోరాదు. 

కుక్క ఉండిపోయినది. అయితే అసలు చిక్కు మందుతో వచ్చినది. మిల్టెఫోసిన్ అనే ద్రవాన్ని 28 రోజులు ఆహారంలో కలిపి ఇవ్వాలి. ఈ మందు కడుపులోని శిశువుకు హానికరం కనుక గర్భిణులు దానిని తాకరాదు. అల్లుడుగారు వేకువనే రైలు పట్టుకొని పోయే మనిషి. అందుచేత ఆ 28 రోజుల బాధ్యత మాపై పడినది. జీవితమంతా పరిశ్రమలో భద్రతా నియమాల మధ్య గడిపినవారము. చేతితొడుగులు వేసుకోవడం, సిరంజిలోని ప్రతి గీతనూ చదవడం మాకు క్రొత్తకాదు. పది కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున 24 కిలోల వెన్నెలకు రోజుకు 2.4 మిల్లీలీటర్లు. మొదటి వారమంతా వాంతులు. మూతి ఆ మందు వాసన పసికట్టి గిన్నె దగ్గరకు రానేది కాదు. మా శ్రీమతి కోడిగుడ్డు పొరటు చేసి అందులో కలిపి, పక్కన కూర్చొని బుజ్జగించి తినిపించేది. తిన్న తరువాత కాసేపు ఎవరినీ నాకకుండా వేరే గదిలో ఉంచేవారము.

ఈ మందు కథ కూడా చెప్పుకోదగినదే. క్యాన్సర్ చికిత్సకై రూపొందిన ఈ ఔషధం కాలా అజార్‌పై పనిచేస్తుందని బీహారు రోగులపై జరిపిన పరీక్షలలో రుజువై, 2002లో మన దేశంలోనే మొదటగా అనుమతి పొందినది. నోటితో తీసుకొనగల మందు ఆ వ్యాధికి అదే మొదటిది. అంతకు ఎనిమిది దశాబ్దాల క్రితం కలకత్తాలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి కనిపెట్టిన యూరియా స్టిబమీన్ ఎందరి ప్రాణాలనో నిలిపినది. బీహారు పేదలు మ్రింగి చూసిన మందు ఇంగ్లండులో ఒక స్పానిష్ వేటకుక్కకు చేరినదన్న ఆలోచన ఆ రోజులలో మమ్ము తరచు పలుకరించేది.

రెండవ మందు అల్లోప్యూరినాల్. యూరిక్ ఆమ్లం పెరిగి కీళ్ళు పట్టివేసిన మన సహోద్యోగులెందరికో ఇది చిరపరిచితమైన మాత్ర. ఇది ఉదయం ఒకమారు, సాయంత్రం ఒకమారు, నెలల తరబడి, కొన్ని కుక్కలకు సంవత్సరాల తరబడి వాడాలి. దీనివలన మూత్రంలో శాంథీన్ అనే పదార్థం పేరుకొని రాళ్ళు ఏర్పడవచ్చును. ఆ రాళ్ళు ఏర్పడకుండా ఆహారంలో ప్యూరిన్లు తగ్గించాలి. చిక్కిన కుక్కకు బలమని కార్జం వండిపెట్టబోయిన మా శ్రీమతిని పశువైద్యురాలు వారించినది. కార్జం, మూత్రపిండాలు, సార్డీన్ చేపలు పనికిరావట. అన్నం, గుడ్డు, కొద్దిగా పెరుగు ఫరవాలేదన్నది. తెలుగింటికి వచ్చిన కుక్కకు పెరుగన్నం పథ్యమైనందుకు అందరం నవ్వుకున్నాము.

మూడు మాసాలకు కళ్ళచుట్టూ వెంట్రుకలు మొలిచాయి. అయితే క్రిమి పూర్తిగా తొలగదు. శరీరంలో ఎక్కడో పొంచి ఉంటుంది. కొన్ని మాసాలకొకసారి రక్తం, మూత్రం పరీక్షించి మూత్రపిండాలు ఎలా ఉన్నాయో చూసుకోవాలి, అది బ్రతికినంత కాలం. ఇది వ్రాస్తున్న నాటికి వెన్నెల పరీక్షల అంకెలు నిలకడగానే ఉన్నాయి. ఆ ఇంటి పిల్లవాడు దాని వీపు పట్టుకొనే నిలబడడం నేర్చుకున్నాడు.

ఇటువంటి కుక్కల వెంట వచ్చే వ్యాధి ఇదొక్కటే కాదు. గోమార్ల వలన వచ్చే ఎర్లీకియా మన కుక్కలకూ తెలిసిన జ్వరమే. సకాలంలో గుర్తిస్తే డాక్సీసైక్లిన్‌తో చాలావరకు లొంగుతుంది. గోమార్లే వ్యాపింపజేసే బబీసియా, 2016 నాటికి ఎసెక్స్‌లోని హార్లో పట్టణంలో ఏనాడూ దేశం దాటని కుక్కలకు సోకి కలవరం కలిగించినది. వీటన్నింటికంటె కఠినమైనది బ్రూసెల్లా కానిస్. గర్భస్రావాలు కలిగించే ఈ వ్యాధి మనుషులకూ సోకగలదు. మందులు వాడినా కుక్క నుండి పూర్తిగా పోయినదని హామీ ఇవ్వలేరు. బ్రిటన్‌లో దీనిని 2021 నుండి ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితాలో చేర్చారు. అక్కడ బయటపడిన కేసులలో ఎక్కువ భాగం రుమేనియా నుండి వచ్చిన కుక్కలతో ముడిపడినవి. అమ్మాయి ఇంటికి వచ్చినది ఈ వ్యాధియే అయి ఉంటే నిర్ణయం వేరుగా ఉండేదని, ఉండవలసినదేనని మా అభిప్రాయం.

విదేశాలలోని మన పిల్లలు ఇక్కడి వీధికుక్కను, లేదా తాము వదలివెళ్ళిన ఇంటికుక్కను పంపమని కోరడం ఈ మధ్య వింటున్నాము. వారి కోసం ఒక మాట. రేబిస్ దృష్ట్యా మన దేశం ఆయా దేశాల జాబితాలలో అధిక ప్రమాదం గలది. 2021లో అజర్‌బైజాన్ నుండి వచ్చిన కుక్కకు అమెరికాలో రేబిస్ బయటపడిన పిమ్మట నియమాలు బిగిశాయి. 2024 ఆగస్టు 1 నుండి ఆరు మాసాలు నిండని కుక్కను అమెరికా అనుమతించదు. ఇక్కడ టీకా వేయించిన కుక్కకు అక్కడివారు ఆమోదించిన ప్రయోగశాలలో రక్తపరీక్ష కావాలి; లేకుంటే 28 రోజులు క్వారంటైన్ తప్పదు. కెనడా 2022 సెప్టెంబరు 28 నుండి మన దేశం వంటి దేశాల నుండి దత్తతకై కుక్కలను తెచ్చుకోవడాన్ని నిలిపివేసినది. బ్రిటన్‌కు పంపదలచినవారు మొదట మైక్రోచిప్పు, ఆపై రేబిస్ టీకా వేయించి, 30 రోజులు గడిచాక రక్తం తీయించాలి. ఫలితం మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గరాదు. రక్తం తీసిన నాటినుండి మూడు మాసాలు ఆగాలి. అంటే పిల్లలు టిక్కెట్టు కొనడానికి కనీసం ఐదు మాసాల ముందుగానే పశువైద్యుని వద్దకు వెళ్ళడం మంచిది. వెళ్ళినప్పుడు గోమార్ల జ్వరానికి కూడా రక్తం పరీక్షించమని అడగండి. ఏ దేశమూ ఆ కాగితం అడుగకపోయినా సరే.