కారాగారము – వృత్తిశిక్షణము – పునర్నేరము

కారాగారము నేరస్థుని సంస్కరింపగలదా యను ప్రశ్నకు కేవలగణనము సమాధానము చెప్పజాలదు. చెరకు వెళ్లినవారే మరల ఎక్కువగా నేరములు చేయుచున్నట్లు లెక్కలు చూపును. కాని చెరకు పంపబడువారు తొలినుండియు నేరచరిత్ర యధికముగా గలవారు. కావున ఇతరులతో వారిని పోల్చుట సమంజసము కాదు.

నార్వే దేశమున ఈ చిక్కు విడదీయుటకు మార్గము దొరకినది. అచ్చట వ్యాజ్యములు న్యాయాధిపతులకు యాదృచ్ఛికముగా పంచబడును. వారిలో కొందరు కఠినులు, కొందరు మృదువులు. కావున ఒకే తీరు నిందితులలో కొందరు న్యాయాధిపతి భేదముచేతనే చెరసాల కేగుదురు. ఈ భేదము నాధారముగా గొని నలుగురు ఆర్థికశాస్త్రజ్ఞులు చేసిన పరిశోధనము 2020లో వెలువడినది. చెరశిక్ష వలన 5 సంవత్సరములలోపల మరల నేరము చేయు సంభావ్యత, నూరుగురిలో 29 మందికి సరియగునంతగా తగ్గినదని అందు తేలినది.

ఈ తగ్గుదల పూర్వము పని లేనివారియందే కానవచ్చినది. వారు చెరలో శిక్షణ కార్యక్రమములందు ఎక్కువగా పాల్గొనిరి. విడుదల పిదప వారి ఉద్యోగములును, ఆదాయమును పెరిగినవి. పూర్వమే పనియున్నవారి విషయమున పునర్నేరము చెప్పుకొనదగినంతగా తగ్గలేదు. పైగా ఉద్యోగనష్టము చిరకాలము నిలిచినది.

నార్వేలో బందీలకు పగటివేళ పనియో, విద్యయో, శిక్షణయో విధాయకము. అట్టి యేర్పాటు లేని చెరసాలలకు ఈ ఫలితము నన్వయించుట తగదు. పని గలవానిని చెరకు పంపుట యుచితమా యను విచారమును గూడ ఈ ఫలితమే ప్రేరేపించుచున్నది.